కౌంటరుకు ఇవతలి నుంచి

మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజపేయి ప్రారంభించారు. మరుసటి ఏడాది డిసెంబరులో జంటనగరాలకు బిల్లులు ఒకేచోట కట్టే ‘ట్విన్స్’ కేంద్రం వచ్చింది. 2001 ఆగస్టులో అదే ‘ఈ-సేవ’ అయింది. కరెంటు బిల్లుకో వరుస, నల్లా బిల్లుకో వరుస కట్టిన మా తరానికి రెండూ ఒకే కౌంటరులో కట్టేసి రావడం పెద్ద ఊరట. ప్రభుత్వ శాఖల పనితీరును సూచికలతో కొలిచే పద్ధతికి పూనుకున్న సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ పుట్టిందీ ఆ ఏడాదే, ఈ నగరంలోనే. ఐటీ కారిడార్ అనగానే అద్దాల మేడలే తలచుకునే పాఠకులకు ఈ పుస్తకంలో ఆ చరిత్ర గుర్తుచేసినందుకు రచయిత్రికి ముందుగా నా అభినందనలు.

కొలిచేది ఎవరి వైపు నుంచి అన్నది ఈ పుస్తకానికి ప్రాణం. ఆఫీసు లెక్క దరఖాస్తు నమోదైన రోజున మొదలవుతుంది. జనం లెక్క అంతకు ముందే, ‘ఒక కాగితం తక్కువైంది, రేపు రండి’ అనిపించుకున్న పూటే మొదలవుతుంది. తిరస్కరించిన దరఖాస్తునూ ‘పరిష్కారమైంది’ ఖాతాలో వేస్తే శాతం పెరుగుతుంది గానీ పని జరగదు. ప్రభుత్వ కొలువులో ఏళ్ల తరబడి నెలవారీ నివేదికలు రాసినవాణ్ని, తెలిసే అంటున్నాను.

నీళ్ల అధ్యాయం నాకు మరీ నచ్చింది. మనిషికి రోజుకు 135 లీటర్లు, 24 గంటల సరఫరా అని 2008లో కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ ప్రమాణాలు పెట్టింది. ఊరంతటికీ సగటు తీస్తే, ఎండాకాలం ట్యాంకర్ కోసం చూసే కొండాపూర్ అపార్ట్‌మెంటూ బిందెలతో నిలబడ్డ బస్తీ కూడా ఆ ఒక్క అంకెలో కనబడకుండా పోతాయి. ఆ కొండాపూర్ ఉన్న శేరిలింగంపల్లి 2007లో జీహెచ్‌ఎంసీలో కలిసిన మునిసిపాలిటీ. పాత నగరంతో దాన్ని పోల్చేవాళ్లు ఎక్కడ పైపులైను ఎప్పుడు పడిందో, జనం ఎంత త్వరగా పెరిగారో ముందు చూడాలి. అది చూడకుండా ర్యాంకులిస్తే ఎండలో తిరిగి పనిచేసే సిబ్బందికి అన్యాయం చేసినట్టే. ఈ సంగతిని ఇంత ఓపికగా విడమర్చిన తెలుగు పుస్తకం నేను చదవలేదు.

రచయిత్రికి ఒక్క విన్నపం. నానక్‌రామ్‌గూడలో ఇటుకలు మోసే మనిషి సర్టిఫికెట్ కోసం ఒక పూట పని మానుకుంటే ఆ పూట కూలీ పోతుంది. మలి ముద్రణలో ఆ నష్టాన్నీ సేవ ఖర్చులో చేర్చాలి.

వార్డు ఆఫీసుల్లో, మీసేవ కేంద్రాల్లో పనిచేసే వారందరూ ఈ పుస్తకం చదవాలని కోరుతున్నాను.