కత్తి ఆగేచోటు

"వీళ్ల పవర్ ఏంటి మావయ్యా?"

రెండేళ్ల కిందట విజయదశమి రాత్రి, అమలాపురం గడియార స్తంభం సెంటర్లో నా భుజాలెక్కి కూర్చున్న మేనల్లుడు అడిగిన ప్రశ్న ఇది. సెలవులకి వస్తూ వాడు సంచి నిండా ఎక్స్‌మెన్ కామిక్కులు తెచ్చుకున్నాడు. ఆ పుస్తకాల్లో జట్టులోకి కొత్త కుర్రాడు వచ్చాడంటే వాడి శక్తేమిటో వెంటనే తేల్చేస్తారు. ఒకడి కళ్లలోంచి కిరణాలొస్తాయి, ఒకడు మంచు కురిపిస్తాడు, ఇంకొకడికి రెక్కలుంటాయి. మా ముందు బరిలో ఉన్నవాళ్లకి అలాంటివేమీ లేవు. పదేళ్లవాడొకడు తనకంటే పొడుగైన కర్ర తిప్పుతున్నాడు. "చూస్తూ ఉండు, తెలుస్తుంది" అని అప్పటికి తప్పించుకున్నాను.

మేం చూస్తున్నది చెడీ తాలింఖానా. తాలీం అంటే శిక్షణ, ఖానా అంటే ఇల్లు. హిందుస్తానీలో ఛడీ అంటే కర్ర. మన నోట చెడీ అయింది ఆ మాటేనని నా నమ్మకం. మొత్తం కలిపితే కర్రసాము నేర్పే బడి. నిజానికి మావాడి కామిక్ కూడా బడి కథే. 1963లో స్టాన్ లీ, జాక్ కిర్బీ ఎక్స్‌మెన్ మొదలుపెట్టినప్పుడు అందులోని ఐదుగురూ ఇరవై నిండని విద్యార్థులు. ఒక ప్రొఫెసరు, ఆయన బంగళా, అందులో సాధన. ఆ గురువు దగ్గరికి శక్తులున్న పిల్లలు వస్తారు, తాలింఖానా గురువు దగ్గరికి ఉత్త చేతులతో వస్తారు. తేడా అంతా అక్కడే మొదలవుతుంది.

అమలాపురం కొంకాపల్లిలో అబ్బిరెడ్డి రామదాసు 1856లో ఈ విద్యకి శ్రీకారం చుట్టారు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి అప్పటికి నాలుగేళ్లు. మరుసటి ఏడాదే సిపాయిల తిరుగుబాటు. తెల్లవాళ్లని ఎదిరించడానికి కుర్రాళ్లని తయారుచేయాలన్న తలంపుతోనే ఇది పుట్టిందని ఊళ్లో ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. 1878లో ఆయుధాల చట్టం వచ్చి, లైసెన్సు లేకుండా కత్తి పట్టడం నేరమైంది. అయినా ఈ కత్తులు తుప్పు పట్టలేదు. దసరా ఊరేగింపులో అమ్మవారి వాహనం ముందు నడిచే కత్తులు కాబట్టే బతికాయని నేననుకుంటాను. మామూలు రోజుల్లో నడిబజార్లో కత్తి తిప్పితే ఊరుకునే పోలీసు ఏ కాలంలోనూ ఉండడు కదా! ఇప్పుడు అదే పోలీసు బందోబస్తు ఉండి ఊరేగింపు నడిపిస్తున్నాడు.

కొంకాపల్లి, మహిపాల వీధి, గండువీధి, రవణం వీధి, నల్లా వీధి... వీధికో వాహనం, వీధికో జట్టు. పక్క వీధి కుర్రాళ్లు బాగా చేశారంటే రాత్రంతా నిద్రపట్టని ఊరు అది.

నేర్చుకోవడం కర్రతో మొదలు. చూసేవాడికి కర్ర చేతిలో తిరుగుతున్నట్టు ఉంటుంది కానీ, నేర్పేవాడి చూపు కాళ్ల మీద ఉంటుంది. పాదం తప్పితే కర్ర వచ్చి సొంత మోకాలికే తగులుతుంది. పిల్లలంతా మొదట భుజబలంతో తిప్పబోతారు. పది నిమిషాల్లో చెయ్యి పడిపోతుంది. బరువు మణికట్టులోకి దిగాక కర్ర దానంతటదే తిరుగుతున్నట్టు ఉంటుంది. ఆ తర్వాతే కత్తులు, బల్లేలు, మండే గుడ్డ చుట్టలతో చేసే నిప్పు ఆటలు. నిప్పు జనానికి నచ్చుతుంది. నాకైతే అది చీకటి చేసే సాయమే అనిపిస్తుంది, దాని మీద ఎక్కువ చెప్పను.

చెప్పాల్సింది కళ్లకి గంతలు కట్టుకుని చేసే వేటు గురించి.

ఆ రాత్రి మీసాలు రాని కుర్రాడొకడు రోడ్డు మీద పరిచిన దుప్పటి మీద వెల్లకిలా పడుకున్నాడు. చొక్కా పైకి లాగి పొట్ట మీద దోసకాయ పెట్టారు. కత్తి పట్టినాయన నలభై దాటినవాడు. ఆయన కళ్లకి నల్లగుడ్డ నాలుగు మడతలేసి కట్టారు. ఆయన ఒక మోకాలు నేలకి ఆనించి, కత్తి అంచుని దోసకాయ మీద పెట్టాడు. నరకడానికి కాదు, కొలతకి. తీశాడు, మళ్లీ పెట్టాడు. మూడోసారి పెట్టేసరికి కింద పొట్ట కదలడం మానేసింది. కుర్రాడు ఊపిరి వదిలేసి, మళ్లీ పీల్చకుండా ఆపాడన్నమాట. పీల్చి ఆపితే పొట్ట లేస్తుంది, కొలత తప్పుతుంది. డప్పు మాత్రం ఆగలేదు. కత్తి లేచింది, దిగింది. దోసకాయ రెండు చెక్కలై చెరో పక్కకి దొర్లింది. వాడు లేచి కూర్చుని, పొట్టకి అంటుకున్న గింజల్ని చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఒక్క గీత లేదు.

ఈ వేటులో కష్టమంతా ఆపడంలోనే ఉంది. బలం భుజంలోంచి వచ్చిందా, కత్తి కాయతో ఆగదు. మణికట్టులో పుట్టి, కాయ మందం దాటేలోపే అది చచ్చిపోవాలి. మోకాలు నేలకి ఆనించేది అందుకే. ఒంటి ఎత్తు మారకుండా ఉంటే చెయ్యి దిగే లోతు మారదు. గంతల వెనక చూపు లేదు కానీ లెక్క ఉంది. ఆ లెక్కలో సగం పడుకున్నవాడి దగ్గర ఉంటుంది. చప్పట్లు కత్తి పట్టినాయనకి వెళ్లిపోతాయి గానీ, నన్నడిగితే సగం దోసకాయ కింద పడుకున్నవాడివి. జట్టులోకి కొత్తవాణ్ణి తీసుకున్నారనడానికి అంతకంటే రుజువేం కావాలి? వాడు నీ కత్తి కింద ఊపిరి ఆపాడు.

1975లో లెన్ వీన్, డేవ్ కాక్రమ్ కలిసి ఎక్స్‌మెన్‌లోకి కొత్త జట్టుని దించారు. కెన్యా నుంచి స్టార్మ్, సోవియట్ నేల నుంచి కొలాసస్, జర్మనీ నుంచి నైట్‌క్రాలర్, అపాచీ తెగ యువకుడు థండర్‌బర్డ్. ఆ థండర్‌బర్డ్ అదే ఏడాది 95వ సంచికలో చనిపోయాడు. సరిగ్గా పరిచయమైనా కాకముందే! దాంతో పాఠకుడికి ఈ జట్టులో ఎవరికీ భద్రత లేదన్న భయం పుట్టింది, కథ బిగిసింది. కథలో అది గట్టి ఎత్తుగడే, కాదనను. కొంకాపల్లి విద్యకి ఆ వెసులుబాటు లేదు. ఇక్కడ కొత్త కుర్రాడి చర్మం మీద గీత పడితే గురువు ఓడిపోయినట్టే, నూట అరవై ఏళ్ల పేరు పోయినట్టే. ఎవరినీ గాయపరచకపోవడమే గెలుపని లెక్కగట్టే యుద్ధవిద్య ఇది.

ఒక కంప్లయింటు కూడా ఉంది. వాహనాల వెనక బీరువాలంత సౌండ్ బాక్సులు వచ్చాక డప్పు దెబ్బ వినబడడం లేదు. డప్పు అక్కడ అలంకారం కాదు, అడుగుకి తాళం. దానికితోడు చుట్టూ వంద ఫోన్ల వెలుగు. ముప్పై సెకన్ల వీడియోలో వేటు ఒక్కటే పడుతుంది, మూడుసార్లు కొలత చూసుకోవడం కత్తిరింపులో పోతుంది. దాన్ని చూసి నేర్చుకోబోయే పిల్లాడికి తెలిసేది నరకడమే. ఇది ప్రమాదం కూడా.

మావాడి సంగతి చెప్పలేదు కదూ. మర్నాడు పొద్దున్నే పెరట్లోంచి వెదురు కర్ర, వంటింట్లోంచి దోసకాయ తెచ్చి, కళ్లకి తువ్వాలు కట్టుకుని నన్ను పడుకోమన్నాడు. నేను పడుకోలేదు. "కొలత వచ్చాక చూద్దాంరా" అన్నాను. "ఎన్నాళ్లు పడుతుంది?" అన్నాడు. పవర్ ఏంటని మళ్లీ అడగలేదు.

ఈ దసరాకి అమలాపురం వెళ్లేవాళ్లు వాహనాలు కదలకముందే వీధిలోకి చేరండి, పిల్లల కర్రలు కూడా చూడొచ్చు. గంతల వేటు వచ్చినప్పుడు ఫోను జేబులో పెట్టి, పడుకున్న కుర్రాడి పొట్ట మీద చూపు ఉంచండి. అది కదలడం మానేసిన క్షణం మీకే తెలుస్తుంది.