మట్టిమీద రెండవ చదువు

రోహిణీ కార్తెలో రోళ్లు పగులునన్న సామెతను కృష్ణాతీరవాసులకు వేరుగా వివరింపవలసిన పనిలేదు. మే మాసాంతమున మొదలై జూన్ మొదటి వారము దాటువరకు సాగు ఆ కార్తెయు, పారిస్ నగరమున రోలాండ్ గారోస్ ప్రాంగణమున జరుగు ఫ్రెంచ్ ఓపెన్ టెన్నిస్ పోటీలును ప్రతివత్సరము ఇంచుమించు ఒకే పక్షమున వచ్చుచుండును. గుణదల కొండరాళ్లు సెగలు చిమ్ముచు, వీధిలో పిట్టయైనను కదలని మధ్యాహ్నపు రెండున్నర గంటలకు అక్కడ ఆనాటి మొదటి బంతి పడును. గడప దాటలేని ఆ వేళ నేను దానిని చూచుచు కూర్చుందును. అయితే చిరకాలముగా నేను ఆ ఎర్రని మట్టిమీద వెదకుచున్నది విజేతలను గాదు. కళాశాలలో చదువుచు కళాశాల జట్టుకు ఆడి, పట్టా పుచ్చుకొనియో, చదువును నడుమ విడిచియో వృత్తిక్రీడలోనికి వచ్చినవారు ఈ మట్టిమీద ఏమగుచున్నారో, ఎవరు నిలుచుచున్నారో, ఎవరు మూడు నెలలు కనబడి మాయమగుచున్నారో కనిపెట్టుచుండుట నాకు అలవాటు.

మట్టినే ఏల చూడవలెనని కొందరడుగుదురు. అమెరికా కళాశాలల టెన్నిస్ దాదాపు సర్వమును గట్టి కోర్టులమీదనే జరుగును. శీతల ప్రాంతములందైన చలికాలమంతయు కప్పుక్రిందనే ఆట. అక్కడి పోటీ జట్టునకును జట్టునకును నడుమ జరుగును. మొదట మూడు డబుల్స్ ఆటలు, వానికన్నిటికి కలిపి ఒక్క పాయింటు. పిమ్మట ఆరు సింగిల్స్, ఒక్కొక్కదానికి ఒక్కొక్క పాయింటు. ముందుగా నాలుగు పాయింట్లు కూర్చుకొన్న జట్టుదే గెలుపు. గేములో నలుబది-నలుబది అయినచో డ్యూసు లేదు, మరియొక్క బంతితో తేలిపోవలెను. ప్రక్క కోర్టులలో తోడివారు ఆడుచుండగా, చుట్టును సహాధ్యాయులు కేకలు వేయుచుండగా, ఆ ఒక్క బంతిని ధైర్యముగా కొట్టుట ఈ విద్యాభ్యాసమున ప్రధానాంశము. సర్వీసు బలము, చొరవ, జట్టుకొరకు నిలుచు గుండె, ఇవి అక్కడ అబ్బును. గంటలకొలది ఓపికపట్టి, గెలిచితిననుకొన్న బంతిని మరల మరల గెలువవలసిన విద్య మాత్రము అక్కడ అబ్బదు. అది మట్టి నేర్పవలసినదే.

ఆ మట్టి స్వభావమును కొంచెము చెప్పెదను. రోలాండ్ గారోస్ కోర్టుపైన కనబడు ఎరుపు కాలిన ఇటుకల పొడి. కృష్ణ యొడ్డున ఇటుకబట్టీల ప్రక్క నడచినవారికి అది చిరపరిచితమైన రంగు. దాని మందము ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే. దాని క్రింద తెల్లని సున్నపురాతి పొడి, ఆ క్రింద బొగ్గు కాలగా మిగిలిన చిట్టెము, అడుగున కంకర. సున్నపురాతి పొర తేమను నిలుపుకొనును గనుక దినదినమును నీరు చల్లి దానిని కాపాడుదురు. బంతి ఈ నేలను తాకినంతనే వేగము తగ్గి ఎత్తునకు లేచును. గట్టి కోర్టుపై తిరుగులేని బాణమైన సర్వీసు ఇక్కడ తిరిగివచ్చును. గట్టి కోర్టుమీద ఆటగాడు బంతిని చేరి, కొట్టి, ఆపై నిలద్రొక్కుకొనును. మట్టిమీద బంతిని చేరుచునే జారవలెను, జారుడు ముగియుటయు దెబ్బ తగులుటయు ఏకకాలమున జరుగవలెను. తొలకరిలో పొలముగట్టుమీద నడవనేర్చినవానికి గల పాదజ్ఞానము వంటిది ఇది. చిన్ననాడు అబ్బనివాడు పెద్దవాడైన తరువాత ప్రయాసతో, పలుమారులు పడి, సంపాదించుకొనవలెను.

ఇట్లు చెప్పగా, బలముగా సర్వీసు చేయువాడు మట్టిమీద ఓడుననియు, ఓర్పుతో బంతిని తిరుగకొట్టువాడు నెగ్గుననియు పాఠకులు నిశ్చయించుకొనవచ్చును. ఈ నిశ్చయమును చెదరగొట్టిన ఉదాహరణ ఒకటి నాకు మిక్కిలి ప్రియమైనది. 2007లో అమెరికా కళాశాలల సింగిల్స్ ఫైనల్ జార్జియా రాష్ట్రపు ఏథెన్స్ నగరమున జరిగినది. ఒకవైపున ఆ ఊరి విశ్వవిద్యాలయమునకే ఆడుచున్న జాన్ ఇస్నర్, ఆజానుబాహువు, ఆకాశమునుండి పడినట్టి సర్వీసు. రెండవవైపున వర్జీనియా విశ్వవిద్యాలయపు మన సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్, సన్నని మనిషి, అలుపెరుగని కాళ్లు. 7-6, 4-6, 7-6తో సోమ్‌దేవ్ నెగ్గెను. మరుసటి సంవత్సరమును ఆ బిరుదు ఆయనదే. వీరిరువురిలో మట్టిమీద రాణించువాడెవడని ఆనాడు అడిగియుండినచో పదుగురిలో తొమ్మండుగురు సోమ్‌దేవ్ పేరు చెప్పియుందురు. కాని 2011లో రోలాండ్ గారోస్ మొదటి రౌండులోనే రాఫెల్ నాదల్‌ను అయిదు సెట్లవరకు ఈడ్చినవాడు ఇస్నర్. ఆ ప్రాంగణమున నాదల్ అయిదవ సెట్టు ఆడవలసివచ్చుట అదే ప్రథమము. సోమ్‌దేవ్ 2013లో అక్కడ రెండవ రౌండు చేరి ఫెడరర్ చేతిలో ఓడెను. కారణము ఆలోచించినచో కష్టమైనది గాదు. ఎండకాసిన పొడిమట్టిపై ఇస్నర్ తిప్పివేసిన సర్వీసు ఎదుటివాని భుజముపైకి లేచుచుండెను. నేల నెమ్మది వలన తన పెద్ద శరీరమును త్రిప్పి ఫోర్‌హ్యాండు దెబ్బకు సిద్ధపడుటకు ఆతనికి వ్యవధి దొరకెను. సోమ్‌దేవ్‌కు ఓర్పు కలదు గాని, ఆ నెమ్మది నేలపై బంతిని ముగించుటకు వలసిన బరువైన దెబ్బ లేదు. ఆయన 2010లో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలలో గెలిచిన రెండు స్వర్ణములును గట్టి కోర్టుమీదివే. మట్టికి ఓర్పు వలయును, ఓర్పొక్కటియే చాలదు.

మన దేశమునకు ఈ మట్టి చేసిన మేలును తలచుకొనక ముందుకు పోలేను. మద్రాసులో పుట్టిన మహేశ్ భూపతి మిసిసిపీ విశ్వవిద్యాలయమున చదివి, 1995లో అలీ హమాదేతో కూడి అమెరికా కళాశాలల డబుల్స్ బిరుదు గెలిచినవాడు. రెండేండ్లు తిరిగినంతనే, 1997లో, జపాను క్రీడాకారిణి రికా హిరాకీతో రోలాండ్ గారోస్ మిశ్రమ డబుల్స్ గెలిచి, సీనియర్ గ్రాండ్‌స్లామ్ బిరుదు సాధించిన మొదటి భారతీయుడాయెను. ఆ ఫైనల్‌లో ఎదుట నిలిచిన పాట్రిక్ గాల్‌బ్రెయిత్ లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు, లీసా రేమండ్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయమునకు ఆడినవారు. అనగా ఆనాడు ఆ మట్టిమీద నిలిచిన నలువురిలో మువ్వురు కళాశాల జట్లనుండి వచ్చినవారే. ఆపై 1999లోను 2001లోను లియాండర్ పేస్‌తో పురుషుల డబుల్స్ అక్కడనే. 2012లో మన హైదరాబాదు సానియా మీర్జాతో మిశ్రమ డబుల్స్ అక్కడనే, అదియు ఆయన జన్మదినమైన జూన్ 7వ తేదీన.

పెద్ద పోటీలు అందరును చూతురు. నేను మక్కువతో చూచునవి అంతకు క్రిందివి. ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవములకు జనము కొండకు ఎక్కుచుండు దినములలో దక్షిణ అమెరికా మట్టి ఋతువు మొదలగును. బ్యూనస్ ఎయిరీస్, రియో, శాంటియాగో. ఏప్రిల్‌లో హ్యూస్టన్, ఇంకను దిగువన సరసోటా, సవన్నా మొదలగు ఊళ్లలో ఆకుపచ్చని మట్టిమీద ఛాలెంజర్ పోటీలు, అమెరికా కళాశాలల పిల్లలకు మట్టి మొదట పరిచయమగునది తరచు అక్కడనే. అన్నిటికంటె క్రిందిమెట్టున, మొత్తము బహుమానము పదునైదువేల డాలర్లు మించని పోటీలు. వీనిలో చాల ఆటలకు బొమ్మయుండదు, పత్రికలో వార్తయుండదు. ఫలితాంకెలు మాత్రము చేతికి వచ్చును. ఆ అంకెలను చదువుటకును ఒక అభ్యాసము వలయును. 7-6, 7-6 అని గెలిచినవాడు ఇంకను సర్వీసు మీదనే బ్రతుకుచున్నాడు. 3-6, 6-4, 7-5 అని రెండున్నర గంటలు నిలిచి గెలిచినవాడు, ఓడిన సర్వీసులను తిరిగి రాబట్టుకొనుట నేర్చుచున్నాడు. రెండవ సర్వీసుపై గెలిచిన పాయింట్లు వారమువారము పెరుగుచున్నచో మంచి సూచన. ఇంకొక సంగతి: నేటి ర్యాంకింగు పద్ధతిలో 52 వారములు నిండగనే పాయింట్లు రాలిపోవును, కావున గతవత్సరము ఇదే వారమున ఒకడేమి సాధించెనో తెలియనిదే ఈ వారపు ఓటమి బరువు తెలియదు.

ఈ అభ్యాసము నాకు ఇచ్చిన ఆనందములలో 2023 ఫిబ్రవరి ఒకటి. టెక్సాస్ క్రిస్టియన్ విశ్వవిద్యాలయపు పూర్వవిద్యార్థి కామెరన్ నోరీ బ్యూనస్ ఎయిరీస్ ఫైనల్‌లో అల్కరాజ్ చేతిలో ఓడి, వారము తిరుగగనే రియో ఫైనల్‌లో అతనినే ఎదుర్కొని, మొదటి సెట్టు పోయి, రెండవదానిలో 0-3 వెనుకబడి, అక్కడనుండి గెలిచెను. మరియొకటి 2024 జూలై: మిసిసిపీ స్టేట్ విశ్వవిద్యాలయమున నాలుగేండ్లు చదివిన పోర్చుగల్ దేశీయుడు నూనో బోర్జెస్, స్వీడనులోని బోస్టాడ్ మట్టిమీద ఫైనల్‌లో నాదల్‌ను 6-3, 6-2తో ఓడించి తన మొదటి ఏటీపీ బిరుదు నందెను. అప్పటికి అతనికి ఇరువదియేడేండ్లు.

మా వీధిలో టెన్నిస్ నేర్చుచున్న పిల్లవాని తండ్రి ఒకనాడు నన్నడిగెను: "నాలుగేళ్లు కాలేజీకి పోతే ఆటకి ముసలివాడైపోడూ, మాస్టారూ?" నేను బోర్జెస్ కథ చెప్పితిని. పదునెనిమిదవ యేట పరదేశములందు ఒంటరిగా తిరుగుచు, హోటలు ఖర్చులకు వెదకుకొనుచు ఓడుటకంటె, నాలుగేండ్లు శిక్షకులు, వైద్యులు, తోడివారు, చదువు కలిగిన చోట పెరుగుట ఏ విధమున నష్టము? విద్యార్థివేతనముల సంగతియు దాచలేదు: అక్కడి మొదటి శ్రేణి పురుషుల జట్టుకు చిరకాలము నాలుగున్నర వేతనములే ఉండెను, వానినే అందరును పంచుకొనవలసియుండెను, స్త్రీల జట్టుకు ఎనిమిది.

ఈ మార్గమున నడచిన మనవారిలో మొదట చెప్పవలసినవాడు సాకేత్ మైనేని. 1987లో పుట్టి, విశాఖపట్టణమున పెరిగి, అలబామా విశ్వవిద్యాలయమునకు ఆడినవాడు. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడలలో సానియాతో స్వర్ణము, వర్జీనియా పూర్వవిద్యార్థి సనమ్ సింగ్‌తో రజతము. 2016లో అర్హతపోటీలు దాటి అమెరికా ఓపెన్ ప్రధాన పోటీకి చేరి, వెసెలీ అను ఆటగానితో అయిదు సెట్లు పోరి ఓడెను. ఆపై కొలదివారములకే ఢిల్లీ డేవిస్ కప్పున పేస్ ప్రక్కన నిలిచి నాదల్ జంటతో తలపడెను. 2017లో అర్జున పురస్కారము, 2023లో హాంగ్‌జౌలో మరల రజతము. ఈ యశస్సంతయు గట్టి కోర్టులమీదిది. ఆరడుగులు మించిన ఆ ఎత్తు, ఆ సర్వీసు చూచినప్పుడెల్ల నాకు ఇస్నర్ జ్ఞప్తికి వచ్చును. చిన్ననాట మంచి మట్టి కోర్టుపై నాలుగేండ్లు ఆడియుండినచో ఈయన పేరు వేరొక ఋతువునందును వినబడియుండునని నా విశ్వాసము.

సాకేత్ తరువాతి తరము వచ్చుచున్నది. సహజ యమలపల్లి టెక్సాస్‌లోని శామ్ హ్యూస్టన్ స్టేట్ విశ్వవిద్యాలయమునకు ఆడి, పిమ్మట భారతదేశపు జట్టున చోటు సంపాదించుకొనెను. నెల్లూరునుండి వలసపోయిన తల్లిదండ్రులకు 2005లో కాలిఫోర్నియాలో పుట్టిన నిశేష్ బసవరెడ్డి స్టాన్‌ఫర్డ్‌లో రెండేండ్లు ఆడి, 2024 డిసెంబరులో వృత్తిక్రీడలోనికి వచ్చి, మరుసటి నెలలోనే మెల్‌బోర్న్‌లో జొకోవిచ్ నుండి మొదటి సెట్టు 6-4తో లాగుకొనెను. అతడు 2024లో గెలిచిన రెండు ఛాలెంజర్ బిరుదులును గట్టి కోర్టుమీదివే. అతని కదలికలో త్వర కలదు, తలలో నెమ్మది కలదు. మట్టికి వలసినవి ఈ రెండును. అందుచేత అతని ఏప్రిల్, మే మాసముల అంకెలను నేను మిగిలిన పదినెలల అంకెలకంటె శ్రద్ధతో చదువుదును. డబుల్స్‌లో మట్టి మనకు దూరమైనది గాదని హైదరాబాదు బొల్లిపల్లి రిత్విక్ చౌదరి చూపెను. 2024లో ఓక్లహోమా స్టేట్ పూర్వవిద్యార్థి అర్జున్ కాఢేతో ఆల్మాటీలో బిరుదు గెలిచినప్పుడు ఎదుటనున్నవారిలో ఒకడు కొలంబియా దేశీయుడు నికొలాస్ బారియెంటోస్. నాలుగైదు నెలలలో ఆ బారియెంటోస్‌నే భాగస్వామిగా చేసికొని శాంటియాగో ఎర్రమట్టిమీద, అర్జెంటీనావారిని ఫైనల్‌లో ఓడించి, రెండవ బిరుదు గెలిచెను.

మన డెల్టా నల్లరేగడి వేసవిలో నెర్రెలు వాయును గనుక టెన్నిస్‌కు పనికిరాదు. పూర్వము క్లబ్బులవారు ఎర్రగరపను బండ్లపై తోలించి, నీరు చల్లి, రోలరు లాగి కోర్టులు చేయించెడివారు. నేను చూచినంతలో ఇప్పుడు క్రొత్తగా వేయుచున్నవన్నియు సింథటిక్ కోర్టులే; వానకు త్వరగా ఆరును, మనిషి పని తక్కువ. ఆ సౌకర్యమును నేను కాదనను. కాని బెజవాడలో గాని, బందరులో గాని, గుడివాడలో గాని నాలుగు కోర్టులున్న పెద్దలను నేను చేతులు జోడించి వేడుచున్నాను: అందొక్కదానిని మట్టితో ఉంచుడు; సాయంకాలము నీరు చల్లుటకును గీతలు ఊడ్చుటకును ఒక మనిషికి జీతమిండు; పన్నెండేండ్ల పిల్లలను వారమునకు రెండు దినములైనను దానిపై జారనిండు, పడనిండు. వారిలో ఎవరైన రేపు అలబామాకో స్టాన్‌ఫర్డ్‌కో పోయి, చదువు ముగించి ఆ ఇటుకపొడిమీద కాలుపెట్టునాటికి, పలువురు ఇరువదియేండ్లు దాటిన తరువాత అభ్యసించుదానిలో సగమైనను వారి పాదములకు ముందే తెలిసియుండును.