మెరుపు చేసే మోసం

హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి గౌలిగూడ మీదుగా కోఠి వైపు నడిస్తే గుజరాతీ గల్లీ వస్తుంది. ఎలక్ట్రానిక్స్ సామాను కావాలంటే నగరమంతా అక్కడికే పోతుంది. వేడిని బయటికి పంపే హీట్ సింక్ అడిగితే తళతళలాడే అల్యూమినియందీ నల్లదీ రెండూ కౌంటర్ మీద పెడతారు. కొత్తవాళ్ల చెయ్యి మెరిసేదాని మీదికే పోతుంది. కంప్యూటర్ ముందు కూర్చుని ఈ వేడి లెక్కల సిమ్యులేషన్ చేసేవాళ్లలోనూ ఈ మోజు ఉంది. కాకపోతే వాళ్లకది తెలియదు.

చూడ్డానికి చిన్న లెక్కే. పది సెంటీమీటర్ల చదరపు పలకను నిలబెట్టాం. అందులో 10 వాట్ల వేడి పుడుతోంది. ఫ్యాన్ లేదు. మన మే నెల కదా, గాలీ గోడలూ 40 డిగ్రీలు. పలకను ఆనుకున్న గాలి వేడెక్కి, తేలికై పైకి పోతుంది. దాని చోటికి కింది నుంచి కొత్త గాలి వస్తుంది. అదే సహజ సంవహనం. ఆ గాలి వేగం సెకనుకు పాతిక సెంటీమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. ఆ వేడి పొర మందం పై అంచు దగ్గర కూడా సెంటీమీటరున్నర, రెండు. అందుకే సిమ్యులేషన్‌లో గాలిని గళ్లుగా విడగొట్టేటప్పుడు పలక పక్కన గళ్లు సన్నగా గీస్తాం, పైన గాలి పోవడానికి బోలెడు చోటు వదులుతాం.

ఇంత జాగ్రత్త పడ్డవాళ్లూ పరారుణ కిరణాలుగా పోయే వేడిని, అంటే వికిరణాన్ని మరిచిపోతారు. అలా ప్రతి పలకనూ మెరిసేదానిలాగే లెక్కిస్తారు. ఎర్రగా కాలితే కదా దాని సంగతి అనుకుంటారు. లెక్క వేస్తే మెరిసే పలక 110 డిగ్రీల దరిదాపుల్లో నిలకడకు వస్తుంది. అదే పలకకు పెయింట్ వేస్తే 77 దగ్గరే ఆగుతుంది. గాలి మోసుకుపోయేదాని కంటే వికిరణంగా పోయేదే ఎక్కువన్నమాట. పైగా ఆ పెయింట్ నల్లదే కానక్కర్లేదు, తెల్లదైనా దాదాపు ఇంతే. కంటికి తెల్లగా కనిపించే ఆ పెయింట్ పరారుణ కిరణాలకు దాదాపు నలుపే. ఫ్యాన్ పెడితే మాత్రం గాలి వాటా పెరిగి ఈ తేడా బాగా తగ్గిపోతుంది.

సాఫ్ట్‌వేర్ లెక్క తేలిందని చెప్పగానే నేను సంతోషపడను. నిలకడ స్థితిలో లోపలికి 10 వాట్లు వస్తే బయటికీ 10 వాట్లే పోవాలి. అందులో గాలి వాటా ఎంతో, వికిరణం వాటా ఎంతో విడివిడిగా రాసుకురమ్మని నా దగ్గర పనిచేసే పిల్లలకు చెబుతాను. వికిరణం వాటా ఖాళీగా ఉంటే సాఫ్ట్‌వేర్ గీసిన రంగుల బొమ్మ ఎంత ముచ్చటగా ఉన్నా వెనక్కి పంపేస్తాను.