అంగన్‌వాడీ చాప మీద మన పాటకు చోటేది?

ఏజెన్సీలో ఏ అంగన్‌వాడీ కేంద్రం ముందు నిలబడినా పిల్లల పాట వినిపిస్తుంది. చప్పట్లు, అభినయం, గట్టిగా అరవడం అన్నీ ఉంటాయి. ఆ పిల్లలు ఇంట్లో మాట్లాడే భాష మాత్రం చాలాచోట్ల వినిపించదు. మూడేళ్ల గోండు పిల్ల తెలుగు గేయాన్నో ఇంగ్లీషు రైమునో టీచర్ పెదవులు చూసి పలుకుతుంది. పలికిన మాట దేని పేరో ఆ పిల్లకు తెలియదు. వచ్చిన పెద్దలు "ఎంత బాగా పాడుతోందో" అని మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలును మనం కాస్త పరీక్షించాలి. అర్థం తెలియని మాటను తప్పు లేకుండా పలకడం చదువుకు తొలిమెట్టా? లేక చదువంటే అర్థం కాకపోయినా పలికేది అన్న అలవాటుకు తొలిమెట్టా?

ఐసీడీఎస్ 1975 అక్టోబరు 2న మొదలైంది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య అందులో ఒక భాగం. ఆ వయసు పిల్లలకు పలక కంటే ముందు పాట అందుతుంది. కాబట్టి కేంద్రంలో పాడే పాటే వాళ్ల మొదటి పాఠ్యపుస్తకం. పాఠ్యపుస్తకాన్ని విమర్శించినంత శ్రద్ధగా ఆ పాటలనూ విమర్శించాలి.

బహుళ సంస్కృతుల తరగతి అనగానే ఏదో పరాయి దేశపు నగరం గుర్తుకు రానక్కర్లేదు. ఉట్నూరు వైపు గోండీ, కొలామీ, లంబాడీ, మరాఠీ, తెలుగు మాట్లాడే ఇళ్లు పక్కపక్కనే ఉన్నాయి. పాడేరు వైపు కువి, కొండ, ఆదివాసీ ఒడియా, సీతంపేట వైపు సవర వినిపిస్తాయి. గోండీ, కోయ, కొలామీ, కువి, కొండ ద్రావిడ భాషలు. లంబాడీ, ఆదివాసీ ఒడియా ఇండో ఆర్య భాషలు. సవర ముండా భాష. మూడు భాషా కుటుంబాల పిల్లలకు మన కొండల్లోనే బడి నడుస్తోంది. అయినా వాళ్ల చేతికిచ్చే పాటల సంచి దాదాపు ఒకటే.

ఈ లోటు తెలిసినవాళ్లు కొంత ప్రయత్నం చేశారు. ఆ ప్రయత్నాల్లోనూ మూడు లోపాలు కనిపిస్తున్నాయి.

మొదటిది అనువాద పాట. తెలుగులో ఉన్న బాలగేయాన్ని మాటకు మాట మార్చి, ఇదే మాతృభాషా గేయం అంటున్నారు. పాట అంటే మాటలే కాదు. ఊపిరి ఎక్కడ ఆగుతుంది, అడుగు ఎక్కడ పడుతుంది, గుంపు ఎక్కడ అందుకుంటుంది అన్నది కూడా పాటే. లెక్కల పాటనే తీసుకోండి. తెలుగు లెక్కకు పది ఒక మజిలీ, పాట అక్కడ ఆగుతుంది. సవరల పాత లెక్కలో పన్నెండు మజిలీ. పదమూడు అంటే పన్నెండూ ఒకటి. ఆ తరువాతి మజిలీ ఇరవై. ముప్పై రెండు అంటే ఇరవై మీద పన్నెండు. తెలుగు పాటను సవరలోకి మార్చి పది దగ్గరే ఆపేస్తే పిల్లలకు సవర మాటలు అందుతాయి గానీ సవర లెక్క అందదు. ఇక రాత సంగతి. సవరలో గొంతు దగ్గర ఊపిరిని టక్కున ఆపి పలికే ధ్వని ఉంది. తెలుగు లిపిలో దానికి అక్షరం లేదు. ఆ భాష రాని టీచర్ పుస్తకం చూసి పాడితే ఇంటి మాట కూడా పిల్లలకు పరాయి మాటలాగే వినిపిస్తుంది.

రెండోది నీతి పాట. మన భాషల్లో కొత్తగా కట్టిన పాటలు ఎక్కువగా చేతులు కడుక్కో, స్నానం చెయ్యి, బడికి రా అని చెబుతాయి. ఇవి అవసరమైన మాటలే. కానీ తెలుగు పాటలో చందమామ, చిలక, ఆట ఉండి, తల్లి భాష పాటలో ఆజ్ఞలు మాత్రమే ఉంటే పిల్లలు దాని నుంచి ఏం గ్రహిస్తారు? ఆడుకోవడానికి ఒక భాష, మందలించడానికి మరో భాష అని గ్రహిస్తారు. మన ఇళ్లు మురికివి, బడి శుభ్రమైనది అనే మాట ఎవరూ పైకి అనరు. పాటల ఎంపికే ఆ మాట చెబుతోంది.

మూడోది వేదిక పాట. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి చిన్న పిల్లలకు వేషాలు కట్టి, డీజేలో పాట పెట్టి ఆడిస్తారు. గుస్సాడీ నెమలి ఈకల కిరీటాన్ని అట్టముక్కతో చేసి తలకు పెడతారు. దండారి రోజుల్లో ఆ కిరీటం పూజలందుకునేది. దాన్ని ధరించినవాళ్లకు నియమాలున్నాయి. అతిథుల ఫొటో కోసం దాన్ని ఆటవస్తువు చేసినప్పుడు పిల్లలు గోండు సంస్కృతిని నేర్చుకోవడం లేదు, దాన్ని ఎలా ప్రదర్శించాలో నేర్చుకుంటున్నారు. మర్నాటి నుంచి మళ్లీ పాత రైములే.

మరి మన పాట చదువుకు ఎలా ఉపయోగపడుతుంది? దాని నిర్మాణంలోనే జవాబుంది. మన పాటలు చాలావరకు ఒకరు ఎత్తుకుంటే గుంపు అందుకునేవి. రేలా పాటలో పల్లవి పదే పదే తిరిగి వస్తుంది. థింసాలో చేతులు కలిపిన వరుస ఒకే అడుగు వేస్తుంది. భాష రాని పిల్లలు కూడా ముందు అడుగుతో, తరువాత పల్లవితో, చివరికి మాటతో పాటలోకి వస్తారు. తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు అని పిల్లల్ని విడదీయని పద్ధతి ఇది. రకరకాల భాషల పిల్లలున్న చాప మీద ఇంతకంటే పనికొచ్చే పద్ధతి ఏముంది?

ఒక చిన్న ఆటపాట ఊహించండి. ఒక పాప ఖాళీ కుండ పట్టుకుని తిరుగుతుంది. కుండలో ఏముందని గుంపు పాడుతూ అడుగుతుంది. కుండ అందుకున్న గోండు పిల్ల "ఏర్" అంటుంది. కొలాం పిల్లవాడు "ఈర్" అంటాడు. లంబాడీ పిల్ల "పాణి" అంటుంది. తెలుగు పిల్లవాడు "నీళ్లు" అంటాడు. ప్రతి మాటనూ గుంపంతా తిరిగి పలుకుతుంది. పూట గడిచేసరికి నాలుగిళ్ల మాట అందరి నోటా ఉంటుంది. గోండీ ఏర్‌కూ తెలుగు ఏరుకూ ఉన్న చుట్టరికం టీచర్‌కు తడుతుంది. ఇక్కడ ఏ భాషా ఇంకోదానికి అనువాదం కాదు.

దీనికి తల్లిదండ్రుల నుంచి ఒక అభ్యంతరం వస్తుంది. "మా భాష ఇంట్లో ఎలాగూ వస్తుంది, మీరు తెలుగు, ఇంగ్లీషు నేర్పండి" అంటారు. ఈ మాటను తేలిగ్గా తీసెయ్యకూడదు. ఆసుపత్రిలో, ఆఫీసులో భాష రాక పడ్డ అవమానమే వాళ్లతో అలా అనిపిస్తోంది. తెలుగు పాట వద్దని మనం అనడం లేదు. అది అర్థంతో రావాలంటున్నాం. ముందు ఇంటి పాట, తరువాత వస్తువునో పనినో చూపిస్తూ తెలుగు పాట వస్తే పిల్లలు రెండింటినీ నిలుపుకుంటారు. రాజ్యాంగంలో 350ఎ అధికరణ 1956 నుంచి ఉంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైనచోటల్లా కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలో బోధించాలంటోంది. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రం ఎనిమిది ఆదివాసీ, గిరిజన భాషల్లో బడులు మొదలుపెట్టినా అది ఒకటో తరగతి నుంచి మొదలైన పని. అంతకు ముందున్న మూడేళ్లు ఖాళీగానే మిగిలాయి.

ఎవరి పాటైనా తెచ్చి పాడించవచ్చని దీని అర్థం కాదు. చావు పాటలకు, దేవతల కథలకు సమయం, చోటు, పాడే హక్కు ఉంటాయి. పర్ధాన్‌లు కింగ్రి మీద చెప్పే గోండు పురాణాన్ని రైముగా కత్తిరించకూడదు. లాలిపాటలు, ఆటపాటలు, పనిపాటలు, పిట్టల పాటలు చాలినన్ని ఉన్నాయి. ఏది తేవచ్చో పెద్దల్ని అడగాలి. ఇంకో మాట. ఆదివాసీలకూ లంబాడీలకూ మధ్య రిజర్వేషన్ వివాదం ఉంది. దాని న్యాయాన్యాయాలు వేరే చర్చ. కుండ ఆటలో కూర్చున్న నాలుగేళ్ల పిల్లలు ఆ వివాదంలో కక్షిదారులు కారు.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. గిడుగు రామమూర్తి సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకునేవాళ్లలో ఈ సంగతి తలచుకునేవాళ్లు తక్కువ. 1943లో మార్లవాయిలో హైమెన్‌డార్ఫ్ చొరవతో గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చారు, గోండీ వాచకాలు తయారు చేశారు. ఆ మార్లవాయి నుంచే వచ్చిన గుస్సాడీ గురువు కనకరాజుకు 2021లో, కోయ పూర్వీకుల గాథలు పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఇద్దరూ 2024లో కన్నుమూశారు. బిరుదులిచ్చాం గానీ, వాళ్లలాంటి పెద్దల్ని పసిపిల్లల బడికి గురువులుగా పిలవలేదు.

పిలవడానికి పెద్ద పథకం అక్కర్లేదు. చాలా కేంద్రాల్లో టీచర్ బయటి ఊరావిడ, ఆయా ఆ గూడెం మనిషి. పొయ్యి దగ్గర కూనిరాగం తీసే ఆ ఆయానే రోజూ మొదటి పాట ఎత్తుకోమనండి. టీచర్ పిల్లలతోపాటు కూర్చుని అందుకోవాలి. చదువుకున్న యువతీయువకులు తమ గూడెంలో, తండాలో పది పిల్లల పాటలు సేకరించండి. పాట పక్కన ఎవరు పాడారు, ఎప్పుడు పాడతారు, బడిలో పాడవచ్చా లేదా అని రాసుకోండి. ధ్వనులు రాతకు లొంగకపోతే ఫోనులో రికార్డు చేయండి. ఆ పాటలు ముందు ఫేస్‌బుక్‌కు కాదు, అంగన్‌వాడీకి చేరాలి. పాడగలిగిన అవ్వలు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్లను అడగడానికి మనకు ఉన్న వ్యవధి మాత్రం ఎక్కువ లేదు.