పదపాకమును గ్రంథవైశిష్ట్యమును

రచన ముగిసిన వెంటనే రచయితకుఁ దన గ్రంథము నిర్దుష్టముగఁ దోఁచుట సహజము. రసావేశమున నున్నవానికి వివేచనదృష్టి యుండదని రాజశేఖరుఁడు కావ్యమీమాంసయందు హెచ్చరించినాఁడు. అందుచేతనే యాతఁడు కవి పగటిని నాలుగు యామములుగా విభజించి, మొదటిదానిని విద్యాభ్యాసమునకును, రెండవదానిని రచనకును, భోజనానంతరకాలమును గావ్యగోష్ఠికిని, నాలుగవదానిని ఉదయము వ్రాసినదాని పరీక్షకును వినియోగింపుమనినాఁడు. ఈ పరీక్ష యేకాంతమునఁ గాని, మితమైన మిత్రులతోఁ గాని జరుగవలయును. అధికమైనదానిని దీసివేయుట, కొఱఁతపడినదానిని బూరించుట, స్థానము తప్పినదానిని మార్చుట, మఱచినదానిని స్మరించుట యిందలి పనులు. శుద్ధప్రతి వ్రాయుట రాత్రిపని. ఈ దినచర్య యేర్పడి వేయేండ్లు గడచినవి. గ్రంథరచన నేర్వఁగోరువారికిఁ గ్రొత్తగాఁ జెప్పవలసినది మిక్కిలి స్వల్పము.

ఈ పరీక్ష యెప్పటికి ముగియును? వామనమతానుయాయు లొక గుఱుతు చెప్పినారు. ఒక పదమును దీసి మఱియొక పదమును బెట్టుటకు వీలుకానంతటి స్థైర్యము కూర్పునకు వచ్చినపుడు శబ్దపాకము సిద్ధించినట్లు. రాజశేఖరుని యిల్లాలగు నవంతిసుందరి దీని నొప్పుకొనలేదు. ఆమె మతమున నిది పాకము కాదు, అశక్తి. మహాకవు లొక్క యర్థమునే పలు తెఱఁగులఁ జెప్పియు నన్నిటను బరిపాకము చూపఁగలరు. కాఁబట్టి రసమునకుఁ దగిన శబ్దార్థముల కూర్పే పాకమని యామె సిద్ధాంతము. పాఠశాలలయందు వామనపక్షమే తఱచుగాఁ బ్రస్తావనకు వచ్చును. ఆ విదుషి మాటను భర్త తన గ్రంథమున గౌరవముతో నుదాహరించినను, వ్యాఖ్యాతలు దానిని దాఁటిపోవుటయే యెక్కువ. రెండు మతములును గావలసినవే. మొదటిది పదమును, రెండవది పదము నిలిచిన సందర్భమును బరీక్షించును.

ఈ రెండు ప్రమాణములను దెలుఁగు గ్రంథమునకుఁ జేర్చి చూచుటకు సికింద్రాబాదున మంచి యుదాహరణ మొకటి కలదు. నిజాము రాష్ట్రమునఁ దెలుఁగుకవులు లేరన్న యాక్షేపమునకు సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించి, 354 మంది కవులను జూపి సమాధాన మిచ్చిరి. ఆక్షేపమునకు సంఖ్య చాలినది. కాని 354 మందిలో నొకఁడు పాఠకుని మనసున నిలుచుట యెట్లను ప్రశ్నకు సంఖ్య సమాధానము కాఁజాలదు. నాలుగేండ్లకుఁ బిమ్మట, 1938లో, వట్టికోట ఆళ్వారుస్వామి సికింద్రాబాదున దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించినాఁడు. 1915లో నల్లగొండ మండలమునఁ బుట్టి, పేదఱికముచే నొరుల యిండ్ల వంటపని చేసికొనుచుఁ జదువు నేర్చి, హోటలులోఁ బనిచేసి, గోలకొండ పత్రికలోఁ బ్రూఫులు దిద్ది, పిమ్మటఁ దాను ప్రకటించిన పుస్తకములను దానే మోసికొని యింటింటికిఁ దిరిగి యమ్మినవాఁ డాతఁడు. అలంకారశాస్త్రము నాతఁడు గురుముఖమునఁ జదివినవాఁడు కాఁడు. ప్రూఫులు దిద్దు పనిలో మాత్రము, పరుల వాక్యములందలి యధికన్యూనములఁ బట్టుట కన్నునకు దినదినము నభ్యాసమైనది. రాజశేఖరుఁడు నాలుగవ యామమునకు విధించిన పని యీతనికి జీవనోపాధిగా లభించెననవచ్చును.

ఆతని ‘ప్రజల మనిషి’ నవల తెలంగాణపల్లెలోని దేశముఖు నధికారమును, వెట్టిని, దాని నెదిరించిన కంఠీరవుని జీవితమును వర్ణించును. ఇట్టి నవల ముద్రణమునకు ముందు సంప్రదాయపండితుని చేతికి వచ్చినచో నేమయ్యెడిది? ఎఱ్ఱసిరా మొట్టమొదట ‘వెట్టి’ మీఁదఁ బడెడిది. దాని స్థానమున ‘నిర్వేతనసేవ’ చేరెడిది. వేతనము లేదన్న యర్థ మందుఁ గలదు. తప్పించుకొన వీలులేని బలాత్కారము మాత్రము లేదు. వేతనము లేని సేవను భక్తుఁడును జేయును, శిష్యుఁడును జేయును. పోనీ, మూలమగు ‘విష్టి’ శబ్దమునే నిలుపుదమన్నచో, కౌటిల్యుఁడు వాడిన శబ్దమే యైనను, దానిని విని యే పల్లెవాఁడును బెదరఁడు. తద్భవమగు వెట్టిలోనే యా భయము స్థిరపడినది. ‘దొర’ను ‘ప్రభువు’గా, ‘గడి’ని ‘సౌధము’గా మార్చినను నింతే; అర్థము మిగులును, ఊరు మాయమగును. వామనమతస్థులు కోరిన పరివృత్త్యసహత్వ మిచ్చటఁ బండితులు గ్రామ్యమని చిన్నచూపు చూచు పదములకే సిద్ధించుట గమనింపఁదగినది.

ఇది వ్యాకరణద్రోహమని కొందఱ యభిప్రాయము. వారు మహాభాష్యమునందలి సూతుని కథను స్మరింపవలయును. ఒక వైయాకరణుఁడు ఈ రథమునకుఁ ‘బ్రవేత’ యెవ్వఁడని యడిగినాఁడు. సారథి, తాను ‘ప్రాజిత’నని బదులు చెప్పినాఁడు. అది యపశబ్దమని వైయాకరణుఁ డాక్షేపింపఁగా, సూత్రము దేనికిఁ బ్రాప్తించునో తెలిసినవాఁడవు గాని, ఏది యిష్టమైన ప్రయోగమో తెలియనివాఁడవని సూతుఁడు తిప్పికొట్టినాఁడు. పతంజలి సూతుని పక్షమే వహించినాఁడు. రథమును నడపువాని నోటినుండి రథసంబంధమగు శబ్దము సాధువుగా వచ్చుటలో వింత యేమి? చిన్నయసూరియు బాలవ్యాకరణమున లక్షణవిరుద్ధమును గ్రామ్యమనియే, ఆర్యవ్యవహారమునఁ గనఁబడినదానిని గ్రాహ్యముగా వదలినాఁడు. ఆర్యు లెవ్వరన్నదే వివాదము. వెట్టి చేసినవాని వాక్కు, వెట్టి విషయమున నైనను, ప్రమాణము కాదనుట కష్టము.

ఇంతమాత్రమున నవల యంతయు నొక్కపాకమున నున్నదని చెప్పరాదు. పల్లెజనము తమలోఁదాము మాటాడుకొను చోటులఁ గల బిగువు, ఆశయములఁ జర్చించు ఘట్టములలో సడలును. అచ్చటఁ బాత్రలు తమ నోటితోఁ గాక రచయిత నోటితో మాటాడుదురు. ఆ వాక్యముల నొక పాత్రనుండి మఱియొక పాత్రకు మార్చినను నష్టము కనఁబడదు. అవంతిసుందరి ప్రమాణ మిచ్చట నుపకరించును. పదములలో దోషము లేదు. సందర్భమునకు వానితోడి పొందిక చాలదు. ఉద్యమకాలమున వ్రాయువారి కీ లోపము క్షమింపఁదగినదే కాని, గుణముగా గణింపఁదగినది కాదు. ఈ మధ్య నవలలు వ్రాయ నుత్సహించు యువకులు పలువు రీ లోపమునే యనుకరించి, ఆ గుణమును వదలివేయుచున్నారు.

గ్రంథములు నశించుటకుఁ గల హేతువులనుగూడ రాజశేఖరుఁడు పేర్కొన్నాఁడు. తరువాతఁ బూర్తి చేసెదను, తరువాత సంస్కరించెదను, మిత్రులతో నాలోచించెదను అను కర్త తొందరపాటులును, రాష్ట్రోపప్లవమును వానిలోనివి. ఆళ్వారుస్వామికి రాష్ట్రోపప్లవము కారాగారరూపమున వచ్చినది. నిజామాబాదు చెఱసాలలో దాశరథితోఁ గూడి యుండుటయు, ఆ యనుభవమునుండి ‘జైలు లోపల’ కథలు పుట్టుటయుఁ బ్రసిద్ధములు. ఉపప్లవ మాతని రచనను జెఱుపలేకపోయినది. సిద్ధమైన ప్రబంధమునకుఁ బలుప్రతులు చేయింపవలయునను నియమమును నాతఁడు తన గ్రంథమాలచే నిర్వహించినాఁడు. దానినుండి 30కి పైగాఁ బుస్తకములు వెలువడినవి. రెండవ నవలయగు ‘గంగు’ మాత్రము ముగియలేదు. 1961లో రచయిత మరణించినాఁడు. అది యసంపూర్ణముగనే యాతని యనంతరమున నచ్చుపడినది.