రాజులేని నేలకు దండకం

రాజులేని నేలా, నీకు దండం.

నీ రాజధాని మీద గడ్డి మొలిచింది. ఒకప్పుడు దాని పేరు ఫోర్నోస్ట్. రాజులు నడిచిన రాతిబాట మీద ఇప్పుడు పచ్చిక, పచ్చిక మీద మంచు. ఆ మంచు మీద అడుగుజాడ ఒక్కటీ కనబడదు. బ్రీ ఊరివాళ్లు ఆ దిబ్బను చచ్చినోళ్ల గట్టు అంటారు. దొంగ తప్ప మరొకడు అటు వెళ్లడని వాళ్ల నమ్మకం. దేశం పేరు మాసిపోయింది, కోట పేరు మారిపోయింది, సింహాసనం ఏ మూల ఉండేదో చెప్పగల ముసలివాడు కూడా మిగల్లేదు. అయినా నీ చేలలో పంట పండుతూనే ఉంది. ఆ పంటకు దండం.

నువ్వు ఏ పటంలోనూ లేవు. ఆక్స్‌ఫర్డ్‌లో పాత ఇంగ్లీషు పాఠం చెప్పుకునే ఒక పంతులు, టోల్కీన్, నిన్ను ఊహించి ఏళ్ల తరబడి నీకు తేదీలు కట్టాడు. 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' మూడో సంపుటం 1955లో వచ్చింది. ఉంగరం కథ పుస్తకమంతా పరుచుకుంటే, నీ వెయ్యేళ్ల చరిత్ర చివరి అనుబంధాల్లో ముడుచుకుని కూర్చుంది. కథ అయిపోయిందని పుస్తకం మూసేసేవాళ్లకు నువ్వు కనబడవు. పెళ్లిభోజనంలో ఆఖరి పంక్తిదాకా ఆగినవాడికి దొరికే మీగడ పెరుగువి నువ్వు.

మా భాషలో నీకు ముందే ఒక పేరుంది: అరాజకం. రాజు లేకపోవడానికీ, న్యాయం లేకపోవడానికీ మా దగ్గర ఒకటే మాట. అయోధ్యాకాండలో దశరథుడి దేహం ఇంకా నూనెతొట్టిలో ఉండగానే ఋషులు వసిష్ఠుడి చుట్టూ చేరి, రాజు లేని దేశానికి పట్టే గతి ఏకరువు పెడతారు. మబ్బు కురవదు, రైతు విత్తనం చల్లడు, కొడుకు తండ్రి మాట వినడు, వర్తకుడు సరుకుతో దారి పట్టలేడు, చేపలు చేపల్ని మింగినట్టు మనుషులు మనుషుల్ని మింగుతారు. చిన్నప్పటినుంచీ ఆ పాఠం విన్న చెవులు నావి. అందుకే నీ పొలిమేరలోకి బెదురుతూనే వచ్చాను. వచ్చి చూస్తే అరుగు మీద ఎవరో గొట్టం కాల్చుకుంటున్నారు. లోపల టీ కాగుతోంది.

నువ్వు రాజును పోగొట్టుకున్న తీరు మాత్రం మాకు కొత్తది కాదు. అన్నదమ్ముల వాటాల గొడవ. మూడో యుగం 861లో ఆర్నోర్ రాజ్యం ముగ్గురు కొడుకుల మధ్య మూడు ముక్కలైంది: ఆర్థెడైన్, కార్డొలాన్, రుడౌర్. మూడు సరిహద్దులూ కలిసే చోట ఒక కొండ, కొండ మీద బురుజు, బురుజులో దూరాలను చూపే మాయగోళం. దానికోసం పేచీ. వాళ్లు తగువులాడుకుంటుంటే ఉత్తరాన ఆంగ్మార్‌లో మంత్రగాళ్ల రాజు కాచుకుని కూర్చున్నాడు. రుడౌర్ అతని పక్షం చేరింది. 1636లో వచ్చిన మహమ్మారి కార్డొలాన్‌ను తుడిచిపెట్టింది. ఆ దేశపు సమాధుల్లో దయ్యాలు కాపురం పెట్టాయి. మిగిలిన ఆర్థెడైన్ 1974 శీతాకాలంలో కూలింది.

ఆఖరి రాజు పేరు ఆర్వెడూయి. ఆ మాటకు అర్థమే ఆఖరి రాజు అని. పుట్టిన రోజునే ఒక జోస్యుడు పెట్టిన పేరది. ఫోర్నోస్ట్ పడిపోయాక అతను మరుగుజ్జుల పాత గనుల్లో దాక్కుని, ఆకలికి తాళలేక ఫోరొకెల్ అనే మంచుదేశానికి చేరాడు. అక్కడి జనం బీదవాళ్లు. మంచుతోనే గుడిసెలు కట్టుకునేవాళ్లు. రాజు ఇవ్వజూపిన మణులు వాళ్ల కళ్లకు ఉత్త రాళ్లు. కొంత జాలితో, కొంత ఇతని మనుషుల చేతుల్లోని ఆయుధాలకు జంకి, అన్నం పెట్టారు. అతన్ని తీసుకుపోవడానికి 1975 మార్చిలో ఓడ వస్తే, వాళ్ల పెద్ద ఎక్కవద్దన్నాడు. ఎండాకాలం దాకా ఆగు, అప్పటికి ఆ మంత్రగాడి బలం తగ్గుతుంది, అన్నాడు. రాజు వినలేదు. తన వేలి ఉంగరం తీసి ఆ పెద్దకు ఇచ్చి, దీని విలువ నీకు తెలియదు, అవసరమొస్తే నావాళ్లు దీన్ని విడిపించుకుంటారు అని చెప్పి ఓడెక్కాడు. తుఫాను ఓడను మంచు మీదికి విసిరింది. రాజూ పోయాడు, అతని దగ్గరున్న రెండు మాయగోళాలూ పోయాయి. ఉంగరం దక్కింది. ఎవరికి విలువ తెలియదన్నాడో వాళ్ల దగ్గరే అది భద్రంగా ఉంది. దొరలు పోగొట్టినదాన్ని బీదవాళ్లు దాచిపెట్టడం నీ చరిత్రలో అదే మొదలు.

అదే ఏడాది మంత్రగాళ్ల రాజు కూడా ఓడి పారిపోయాడు. గెలిచిందెవరో అడిగితే చెప్పడం కష్టం, ఏలడానికి జనమే లేరు. ఆర్వెడూయి కొడుకు ఆరనార్త్ కిరీటం పెట్టుకోలేదు. నాయకుడు అనిపించుకుని అడవి దారి పట్టాడు. ఆ యుద్ధానికి తమ విలుకాళ్లను కూడా పంపామని షైర్ అనే సీమలోని హాబిట్లనే పొట్టివాళ్లు చెప్పుకుంటారు. మనుషుల గ్రంథాల్లో ఆ ముక్క ఎక్కడా లేదు. పంపే ఉంటారని నాకు అనిపిస్తుంది. నడుమెత్తు మనుషులను లెక్కపెట్టే అలవాటు చరిత్రకారులకు ఎప్పుడుంది కనుక?

ఇక షైర్ గురించి. దీన్ని నెమ్మదిగా చెప్పుకోవాలి.

1601లో బ్రీ నుంచి ఇద్దరు అన్నదమ్ములు, మార్కో, బ్లాంకో, రాజు అనుమతితో బ్రాందీవైన్ నది దాటి ఆ బీడునేలను సాగుకు తెచ్చారు. అడిగిన కౌలు చాలా తక్కువ. పెద్ద వంతెననీ, మిగిలిన వంతెనలనూ, దారులనూ బాగుచేస్తూ ఉండాలి, రాజు దూతలు వస్తే దారి చూపాలి, ఆయన్ని ప్రభువుగా ఒప్పుకోవాలి. అంతే. నది దాటిన ఏడాది నుంచే వాళ్లు సొంత సంవత్సరం లెక్క మొదలుపెట్టారు. పొడవు మనుషుల యుగాలతో వాళ్లకేం పని!

రాజు పోయాక నాలుగేళ్లు చూశారు. 1979లో తమలో ఒకణ్ణి, బక్కా అనే పెద్దమనిషిని, రాజు స్థానంలో థేన్‌గా నిలబెట్టుకున్నారు. నిలబెట్టి, చేను దున్నుకోవడానికి వెళ్లిపోయారు. ఆ నేలలో ప్రభుత్వమంటూ పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఎవరి కుటుంబం సంగతి వాళ్లే చూసుకునేవారు. పండించడానికీ, పండించింది తినడానికీ పొద్దు చాలేది కాదు. ఏడేళ్లకోసారి ఎన్నికయ్యే మేయరుకు ముఖ్యమైన పని విందుల్లో పెద్దపీట మీద కూర్చోవడం. పోలీసుల్లాంటి షిరిఫ్‌లు దేశం మొత్తానికి 12 మంది, నాలుగు భాగాలకూ తలా ముగ్గురు. టోపీలో ఈకే వాళ్ల యూనిఫారం. మనుషులకంటే తప్పిపోయిన పశువులతోనే వాళ్లకు పని ఎక్కువ. పొలిమేరల్లో పరాయివాళ్లను ఆపడానికి మాత్రం మరికొంతమందిని పెట్టుకున్నారు. కొత్తముఖమంటే నీకు అనుమానం జాస్తి, అది దాచిపెట్టి నిన్ను పొగడడం అబద్ధమవుతుంది.

చట్టాలు ఉన్నాయి. పాత రాజు పెట్టినవని చెప్పుకునేవారు. అవి పాతవీ, న్యాయమైనవీ కనుక తమంతట తామే పాటించేవారు. రాజు ముఖం చూసినవాడు తాత తండ్రుల్లో కూడా లేడు. ఏనాటికీ సమకూరని మేలు గురించో, సరిదిద్దలేని కీడు గురించో మాట్లాడేటప్పుడు మనం కుందేటికొమ్ము అన్నట్టు, వాళ్లు రాజు తిరిగొచ్చినప్పుడు అనేవారు. ఆ రాజు మాటే వాకిట్లో ముగ్గులా రోజూ తొక్కకుండా దాటేవారు.

ఆ అలవాటుకు దండం.

దక్షిణాన గోండోర్‌లో కూడా 2050లో రాజవంశం ఆగింది. అక్కడ మంత్రులు ఏలారు, 26 మంది, 969 ఏళ్లు. సింహాసనం ఎత్తు మీద ఖాళీగా ఉండేది. వాళ్లు కింది మెట్టు మీద నల్లరాతి పీఠంలో, చేతిలో తెల్లకర్రతో కూర్చునేవారు. రాజు తిరిగివచ్చేదాకా అని ప్రమాణం. నందిగ్రామంలో పాదుకల ముందు కూర్చున్న భరతుణ్ణి తలుచుకోకుండా తెలుగువాడెవడూ ఆ పేజీ దాటలేడు. భరతుడు పద్నాలుగేళ్లు కాచుకున్నాడు, అన్న రాగానే అప్పగించాడు. వీళ్లు దాదాపు వెయ్యేళ్లు కాచుకున్నారు. తీరా రాజు గుమ్మంలోకి వచ్చే వేళకు ఆఖరివాడు డెనెథార్ ఇవ్వనన్నాడు. పీఠం కిందిమెట్టు మీదే ఉన్నా పట్టు పైదాకా పాకుతుంది మరి. షైర్‌లో ఆ బెంగ లేదు. అక్కడ ఖాళీగా ఉంచడానికి సింహాసనమే లేదు.

నేలా, నీ మీద ఒక ఫిర్యాదు ఉంది, చెప్పుకోనీ. నువ్వు నిద్రపోయిన రాత్రులన్నీ నీవి కావు. ఆరనార్త్ నుంచి ఆరగోర్న్ దాకా 16 మంది నాయకులు, తండ్రి తరువాత కొడుకు, ఎక్కడా తెగని వరస. వాళ్లే రేంజర్లు. మాసిన బట్టలు, బురద బూట్లు, పేరు చెప్పని ముఖాలు. 2930లో ఆరడోర్‌ను కొండరాకాసులు చంపాయి. మూడేళ్లకు అతని కొడుకు ఆరథోర్న్ కంటిలో ఓర్కుల బాణం దిగింది. అప్పటికి ఆరగోర్న్‌కు రెండేళ్లు. ఆ పిల్లవాడే పెరిగి పెద్దై బ్రీ సత్రంలో మూలన కూర్చుంటే, సత్రం యజమాని అతన్ని దేశదిమ్మరి అనుకున్నాడు. 3019లో 30 మంది రేంజర్లు ఉంగరం కథలోని యుద్ధానికి దక్షిణం వెళ్లారు. కాపలా లేని బ్రీలో దుండగులు పడ్డారు, ఐదుగురు చనిపోయారు. తలుపులకు గడియలు పెట్టుకుని కూర్చున్నాక గానీ ఆ ఊరికి ఆ మాసిన బట్టలు గుర్తుకు రాలేదు. నిన్ను కాచినవాళ్ల పేరు నీకు తెలియదు. తెలియకపోవడమే తమ కూలి అనుకున్నారు వాళ్లు.

కష్టాలు నీకు తక్కువేం కాదు. 2758లో మొదలైన దీర్ఘశీతాకాలం వేలమందిని తీసుకుపోయింది. 2911లో బ్రాందీవైన్ గడ్డకట్టి, దాని మీదుగా తెల్ల తోడేళ్లు నడిచి వచ్చాయి. ఆకలిరోజుల్లో హాబిట్లు ఒకరినొకరు మింగలేదు. ఋషుల జాబితాలోని చేపలు ఆ నదిలో లేవు.

మరి అరాజకం ఎప్పుడొచ్చింది? కాగితం మీద వచ్చింది.

లోథో అనే హాబిట్‌కు అన్నీ తనవే కావాలనిపించింది. దొంగతనం చేయలేదు, కొన్నాడు. మిల్లులు, సత్రాలు, పొలాలు, పొగాకు తోటలు. పండిన పొగాకును బండ్లకెత్తి దక్షిణం పంపాడు. ఇంట్లో కొరత పడింది. బండ్లతో వచ్చిన దుండగులు వెనక్కి పోలేదు. అడగడానికి బయలుదేరిన ముసలి మేయరును సొరంగం కొట్లో పెట్టి తాళం వేశారు. లోథో పెద్దదొర అయ్యాడు. అతని వెనుక ఓడిపోయిన మాంత్రికుడు సారుమాన్ చేరాడు. 3019 అక్టోబరు 30 రాత్రి నలుగురు హాబిట్లు యుద్ధాల నుంచి ఇంటికొస్తే, తమ తాతలు బాగుచేస్తూ వచ్చిన వంతెన మీద మేకులు కొట్టిన గేటు మూసి ఉంది. లోపల ప్రతి గోడ మీదా నిబంధనల జాబితా. సత్రాలు మూత. బీరు లేదు. రాత్రిపూట అతిథిని ఉంచుకోకూడదు. ధాన్యం సేకరించి అందరికీ పంచుతామన్నారు. సేకరణ బాగా జరిగింది, పంపకమే సాగలేదు. ఈకల టోపీ షిరిఫ్‌లు 12 మంది నుంచి వందలయ్యారు. వెయ్యేళ్లు రాజు లేకుండా బతికిన నేలకు, రూల్సు పుట్టిన ఏడాదే న్యాయం చచ్చిపోయింది. ఋషులు ఈ ముక్క చెప్పలేదు, వాళ్ల తప్పు కాదు, వాళ్ల కాలంలో నోటీసుబోర్డు లేదు.

ఆ నలుగురిలో ఒకడైన పిప్పిన్ ఆ జాబితాలు చింపేశాడు. కొమ్ముబూర ఊదారు. నవంబరు 3న బైవాటర్ ఊరి దగ్గర పోరు జరిగింది. దుండగులు 70 మంది దాకా పడ్డారు, హాబిట్లు 19 మంది. ఆ నలుగురిలో ఇంకొకడు ఫ్రోడో, కత్తి దూయలేదు. ఆయుధం పడేసినవాణ్ణి చంపకుండా అడ్డం తిరిగాడు. తరువాత కొన్నాళ్లు మేయరుకు బదులుగా ఆ కుర్చీలో కూర్చున్నాడు. కూర్చుని చేసిన పని ఒక్కటే: షిరిఫ్‌ల సంఖ్యనూ, వాళ్ల పనులనూ పూర్వం ఉన్నంతకు తగ్గించాడు. లోకంలోని పాలకుల చరిత్రలన్నీ తిరగేసి నాకు ఇంతకంటే గొప్ప పాలన చూపించండి.

టోల్కీన్‌కు రాజులంటే ఇష్టం, ప్రభుత్వాలంటే గిట్టదు. 1943లో కొడుకుకు రాసిన ఉత్తరంలో తన మనసు రానురాను అరాజకం వైపే మొగ్గుతోందని రాశాడు. బాంబులు పట్టుకునే రకం కాదు, మనిషి మీద మనిషి అదుపు తీసేసే రకం. అది కుదరకపోతే రాజ్యాంగం లేని రాజరికమట. ఈ రెండూ ఒకే చేతిలో ఎలా ఇముడుతాయని నేను చాలాకాలం గుంజాటన పడ్డాను. నీ చరిత్ర ఆఖరి పేజీలు చదివేదాకా.

ఎందుకంటే కుందేటికి కొమ్ము మొలిచింది. రాజు తిరిగొచ్చాడు. సత్రం మూలన కూర్చున్న ఆ దేశదిమ్మరే ఎలెస్సార్ అన్న పేరుతో రెండు రాజ్యాలకూ ప్రభువయ్యాడు. షైర్ లెక్కలో 1427వ సంవత్సరం ఆయన ఒక ఆజ్ఞ ఇచ్చాడు: షైర్ స్వతంత్ర భూమి, పొడవు మనుషులెవరూ అందులో అడుగు పెట్టకూడదు. 1436లో ఆయన ఉత్తరాదికి వచ్చాడు. బ్రాందీవైన్ వంతెన దగ్గర ఆగాడు. ఆయన హాబిట్ స్నేహితులే వంతెన దగ్గరికి వెళ్లి ఆయన్ను కలుసుకున్నారు. రాజు వంతెన దాటలేదు.