హార్మోనియం ఎవరు?

చల్లటి నీళ్ళలో రెండు చుక్కల సబ్బు కలిపి, మెత్తటి నూలు గుడ్డ తడిపి, గాడి తిరిగిన దిక్కుకే తుడవాలి. నడిమధ్య కాగితం తడవకూడదు. స్పిరిటును దగ్గరికి రానివ్వకూడదు, లక్క కరిగిపోతుంది. తుడిచాక ఎండలో పెట్టకూడదు, వంగిపోతుంది. ఎమ్మిగనూరులో మా మేనమామ ఇంట్లో ఒక ఆదివారం పొద్దంతా నేను చేసిన పని ఇదే. మొత్తం పదకొండు గ్రామఫోను ప్లేట్లు, అన్నీ నాటకం పద్యాలు. రెండింటికి అంచు విరిగింది. ఒకదాని అట్టసంచిని చెదలు తినేశాయి, ప్లేటును మాత్రం ముట్టలేదు.

1938లో మాచాని సోమప్పగారు పెట్టిన చేనేత సహకార సంఘానికి బట్ట నేసిన ఇళ్ళలో మామది ఒకటి. పగలు మగ్గం గుంతలో కాళ్ళు, రాత్రి స్టేజీ మీద అర్జునుడి కిరీటం. ఆయనకు పద్యం నేర్పింది సగం హార్మోనియం మాస్టరు, సగం ఈ ప్లేట్లు. 1953 దాకా ఆదోని బళ్ళారి జిల్లాలో ఉండేది, ఎమ్మిగనూరు ఆదోని తాలూకాలో ఉండేది. అందుకని నాటకమంటే మా పెద్దలు బళ్ళారి వైపే చూసేవాళ్ళు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, బళ్ళారి రాఘవ ఉన్న ఊరు మరి. రాగం తీసి పద్యం పాడే పద్ధతి మాత్రం మా ఇంటికి కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి కుక్కబొమ్మ ప్లేట్ల మీద వచ్చింది. కపిలవాయి రామనాథశాస్త్రిని గానీ ఈలపాట రఘురామయ్యను గానీ మామ కళ్ళతో చూడలేదు. అయినా వాళ్ళు ఎక్కడ ఊపిరి తీసుకుంటారో ఆయనకు తెలుసు.

ప్లేటు తుడుస్తున్నంతసేపూ ఒక సంగతి మనసులో తిరుగుతూనే ఉంది. ఈ ప్లేట్లు లక్కతో చేసినవి. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మలకు పట్టే పురుగు ఇచ్చే లక్కలో రాతిపొడి, మసి కలిపి అచ్చువేశారు. లాడ్ బజారు గాజుల్లో ఉండేదీ ఆ లక్కే. లక్క ఇంట్లో కాలిపోకుండా బయటపడ్డ పాండవుల కథ చివరికి లక్క మీదే గాడిపడి, మగ్గాల వీధిలో ఒక చెక్కపెట్టెలో ఇన్నేళ్ళు భద్రంగా ఉండిపోయింది.

ఈ పాత ప్లేట్ల పద్యాలు కొత్త రూపంలో రావడం మొదటిసారి ఏమీ కాదు. ఎల్.పి.లు వచ్చాయి, క్యాసెట్లు వచ్చాయి, సీడీలు వచ్చాయి, ఇప్పుడు ఫోన్‌లోనే వినొచ్చు. రావడం మంచిదే. ఎట్లా వస్తున్నాయన్నదే నా బాధ.

నేను ఇంటర్ చదివే రోజుల్లో మా బంధువుల ఊళ్ళో రాయబారం నాటకం కట్టారు. కృష్ణుడి వేషం కట్టిన కుర్రాడు ఒక క్యాసెట్ పెట్టుకుని రెండు నెలలు పద్యాలు నేర్చాడు. ఆ క్యాసెట్ ఎక్కడో పాత ప్లేటు నుంచి ఎత్తింది, ఒక చేతి నుంచి ఇంకో చేతికి నకలు మీద నకలు. రిహార్సల్లో అతను పై షడ్జమం అందుకోబోతే గొంతు చీరుకుపోయింది. నాలుగు రోజులు మాట రాలేదు. ఆదోని నుంచి వచ్చిన హార్మోనిస్టు క్యాసెట్ వేయించుకుని, పెట్టె మీద మెట్టు మెట్టూ నొక్కి చూసి ఒక్క మాటన్నాడు. "ఈ శ్రుతి మనిషిది గాదప్పా, మోటారుది."

ఆ మాట నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. పాత ప్లేట్లను 78 చుట్ల ప్లేట్లని పిలుస్తాం గానీ, తొలినాళ్ళలో అన్నిటినీ సరిగ్గా 78కే కోయలేదు. తక్కువకు కోసినవి ఉన్నాయి, ఎక్కువకు కోసినవీ ఉన్నాయి. నిమిషానికి 74 చుట్లకు కోసిన ప్లేటును 78కి తిప్పితే హార్మోనియం మీద దాదాపు పక్క మెట్టుకు ఎక్కుతుంది. క్యాసెట్ యంత్రం పరుగు ఆ మీద ఇంకొంత కలుపుతుంది. పాడినాయన ఎన్నడూ పాడని శ్రుతిలో ఆయన గొంతు మనకు వినిపిస్తుంది, మనం అది ఆయన గొప్పతనం అనుకుంటాం. నేర్చుకునే పిల్లవాడి గొంతు పోతుంది. ఇక గరగర తీసేస్తామని శబ్దాన్ని వడగట్టినప్పుడు దానితోపాటు హార్మోనియం తిత్తి చప్పుడు, 'స', 'ష'ల మధ్య తేడా కూడా పోతాయి. పద్యానికి ప్రాణం అక్షరం పలకడంలో ఉంది. నాకైతే గరగర ఉన్నా ఫర్వాలేదు, 'ష' కావాలి.

పోయిన సంక్రాంతికి ఇంగ్లాండు నుంచి వచ్చిన ఒక స్నేహితుడు నాకొక సీడీ ఇచ్చాడు. లండన్‌లో బ్లూస్ పాటలు మొదలుపెట్టిన అలెక్సిస్ కార్నర్, సిరిల్ డేవిస్‌ల బృందం బ్లూస్ ఇన్‌కార్పొరేటెడ్ 1962లో చేసిన రికార్డు అది, మళ్ళీ అచ్చయింది. పేరు 'ఆర్ అండ్ బి ఫ్రమ్ ది మార్క్యీ'. మార్క్యీ అక్కడి పేరున్న క్లబ్బు. రికార్డు చేసింది మాత్రం ఆ క్లబ్బులో కాదు, డెక్కా స్టూడియోలో. ఈ సంగతి నాకు చెప్పింది ఆ స్నేహితుడే. అక్కడ ఇట్లాంటి రికార్డుల గురించి చిన్న చిన్న సంగతులు కూడా పట్టి రాస్తారట. డ్రమ్స్ గ్రాహమ్ బర్బిడ్జ్, శాక్సఫోన్ డిక్ హెక్‌స్టాల్-స్మిత్, పియానో కీత్ స్కాట్. పాడినవాళ్ళ పేర్లే కాదు, పక్కన కూర్చున్న ప్రతి మనిషి పేరూ నిలిచింది.

సిరిల్ డేవిస్ దగ్గర నేను ఆగిపోయాను. ఆయన పగలు కార్ల రేకులు సాపు చేసే పనివాడు, రాత్రి మౌతార్గాన్ వాయించి పాడేవాడు. 1964 జనవరిలో, ముప్పై ఒక్క ఏళ్ళ వయసులో పోయాడు. మౌతార్గాన్‌కూ హార్మోనియంకూ లోపల ఉండేది ఒకటే, గాలికి కదిలే సన్నటి ఇత్తడి రేకు. అక్కడ గాలి మనిషి నోటి నుంచి వస్తుంది, ఇక్కడ తిత్తి నుంచి వస్తుంది. రేకుల పనివాడి పేరూ ఆ రేకు వాద్యమూ అరవై ఏళ్ళు దాటినా చెక్కుచెదరలేదు.

మామ ప్లేట్లు పదకొండూ తిప్పి చూశాను. నాటకం పేరు ఉంది, పద్యం మొదటి మాటలు ఉన్నాయి, పాడినవారి పేరు ఉంది. కంపెనీ నంబరు ఉంది. హార్మోనియం ఎవరిదో ఒక్కదాని మీదా లేదు. తబలా ఊసే లేదు.

పద్యనాటకం చూసినవాళ్ళకు హార్మోనిస్టు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. శ్రుతి ఇచ్చేవాడు ఆయనే, రాగం మొదలు అందించేవాడు ఆయనే. నటుడు మాట మరిచిపోతే వేళ్ళతో కాలం గడిపి నిలబెట్టేది ఆయన. మా పల్లెల్లో నాటకం నేర్పే గురువూ ఆయనే. రెండు మూడు నెలలు ఊళ్ళోనే ఉండి, ఇంటికో పూట అన్నం తిని, పత్తి మూటలు మోసేవాళ్ళ చేత, మగ్గం నేసేవాళ్ళ చేత తిరుపతి వేంకట కవుల పద్యాలు చెప్పించేవాడు. ప్లేటు మీద ఒక్క వైపు నిండేది మూడు, మూడున్నర నిమిషాలు. స్టేజీ మీద 'వన్స్ మోర్'లతో పావుగంట సాగే పద్యాన్ని ఆ కాస్తలో పట్టించాలంటే రాగాన్ని ఎక్కడ ముడివేయాలో తెలిసిన చెయ్యి కావాలి. ఆ చెయ్యి పేరే ప్లేటు మీద లేదు.

రేడియోలో వెతుకుదామా అంటే ఆ దారి కూడా మూసేశారు. ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని స్టూడియోలోకి రానివ్వడం మానేసింది, మూడు దశాబ్దాల తర్వాత గానీ పట్టు సడలించలేదు. మన స్టేజీ హార్మోనియం మంచి రోజుల్లో ఎట్లా పలికిందో వినాలంటే మిగిలింది ఎక్కువగా ఈ లక్క ప్లేట్లే.

ఈ ప్లేట్లను మళ్ళీ తేవడానికి హక్కులు అడ్డమని అంటారు. మన చట్టంలో ధ్వనిముద్రణకు రక్షణ అది వెలువడిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. 78 ప్లేట్లలో చాలా వాటికి ఆ గడువు దాటిపోయింది. రచనకు రచయిత పోయాక 60 ఏళ్ళు. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు 1950లో కన్నుమూశారు. ఆ లెక్కా తీరింది. ఇంగ్లాండులో 1962 చివరి దాకా వెలువడిన రికార్డులకు 50 ఏళ్ళకే గడువు తీరిపోయింది, ఆ తర్వాత వచ్చినవాటికి 70 చేశారు. ఆ గీతకు ఇవతల పడ్డ పాత జాజ్, బ్లూస్ రికార్డులు అక్కడ ఇబ్బడిముబ్బడిగా మళ్ళీ వస్తున్నాయి. మనకు అడ్డం లేదు. ప్లేటు తీసేవాళ్ళు దాని నంబరు రాయాలి, ఏ వేగానికి తిప్పారో రాయాలి, ఏ శ్రుతికి వచ్చిందో రాయాలి. తొలినాళ్ళ ప్లేట్లలో పాట చివర గాయకులు తమ పేరు తామే చెప్పుకునేవాళ్ళు, ఏ అచ్చు ఎవరిదో ఫ్యాక్టరీవాళ్ళకు తెలియడానికి. 1902లో కలకత్తాలో పాడిన గౌహర్ జాన్ నుంచి ఆ అలవాటు ఉంది. అట్లాంటి మాటలను దయచేసి కత్తిరించకండి.

ఆ సాయంత్రం ప్లేట్లన్నీ ఆరాక, ఆదోని నుంచి ఆ హార్మోనిస్టును పిలిపించాను. ఇప్పుడు ఎనభై దాటారు, పెట్టె మోయలేరు. మామ పక్కనే మంచం మీద కూర్చుని ఒక్కొక్కటీ విన్నారు. మూడోది, ఏడోది రెండు సార్లు వేయించుకున్నారు.

"ఇదీ అదీ ఒకే చెయ్యి," అన్నారు. "పద్యం అయిపోతానే తిత్తిని గబుక్కున మూయడు సూడు. రేకు తనంతట తాను ఆగేదాకా వదిలిపెడతాడు."

"ఎవరు మాస్టరూ?" అని మామ అడిగాడు.

ఆయన తల అడ్డంగా ఊపి, మళ్ళీ వేయమన్నారు. నేను కొత్త అట్టసంచుల మీద పెన్సిలుతో రాసుకున్నాను. మూడో ప్లేటు, హార్మోనియం: ఏడో ప్లేటులో ఆయనే. ఏడో ప్లేటు, హార్మోనియం: మూడో ప్లేటులో ఆయనే.